కళ్ళు బాగానే ఉన్నాయంట, మరి పోల్చుకోలేడేంటి? – మెదడు వస్తువుల్ని ఎలా గుర్తుపడుతుందో తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెదనాన్నకి విజయవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు, 40 ఏళ్ళ పైమాటే. పోయిన సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆయనకి స్ట్రోక్ వచ్చింది, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది, కానీ చూసిందేంటో చెప్పలేకపోతున్నాడు. అప్పట్నుంచీ చుట్టాలు, పక్క కొట్ల వాళ్ళు, చివరికి మా కాలేజీ పిల్లలు కూడా అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతుంటే అందరికీ ఫోన్లో చెప్పలేక ఒకచోట రాసిపెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, గుంటూరులో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తా. ట్రీట్‌మెంట్ సంగతి న్యూరాలజిస్టునే అడగండి, ఇక్కడ రాసేది చూపు ఎలా పనిచేసిద్దో అంతవరకే.

కళ్ళు బాగానే ఉన్నాయన్నారు కదా, గరిటె చూపిస్తే గరిటె అని ఎందుకు చెప్పలేడు?

అందరూ మొదట అడిగేది ఇదే, మేం కూడా మొదట ఇక్కడే బోల్తా పడ్డాం. చూపు మందగించింది అనుకుని ఒక కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళి కొత్త అద్దాలు చేయించాం, వాళ్ళు కూడా మారు మాట్లాడకుండా చేసిచ్చారు, డబ్బులు దండగ. గోడ మీద అక్షరాల చార్టులో చిన్న గీత కూడా ఆయనకి కనపడుతోంది. ఇంటికొచ్చాక పప్పు గరిటె చేతికివ్వకుండా దూరం నుంచి చూపించి ఇదేంటి పెదనాన్నా అంటే, "పొడుగ్గా ఉంది, మెరుస్తోంది, చివర గుండ్రంగా ఉంది... దువ్వెనా?" అన్నాడు. చేతిలో పెట్టిన మరుక్షణం "గరిటెరా, ఇరవై రెండు గేజీది" అన్నాడు. గేజీతో (రేకు మందం లెక్క) సహా! వంటింట్లో పళ్ళెం జారి పడితే ఆ మోత విని అది పళ్ళెమో మూతో కూడా చెప్పేస్తాడు.

అంటే గరిటె అనే వస్తువు ఆయన బుర్రలోంచి పోలేదు. మాట పోలేదు. కన్ను పోలేదు. కంటికీ ఆ జ్ఞాపకానికీ మధ్య దారి తెగింది, అంతే. దీన్ని విజువల్ అగ్నోసియా అంటారు. 1890లో హైన్రిచ్ లిస్సావర్ అనే జర్మన్ డాక్టరు దీన్ని వివరంగా రాశాడు, ఆయన చూసిన పేషెంటు కూడా 80 ఏళ్ళ వ్యాపారే, అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. లిస్సావర్ ఇందులో రెండు రకాలున్నాయన్నాడు. ఒక రకంలో గీతలూ అంచులూ కలిసి ఒక ఆకారంగా కట్టుకోవు, ఎదురుగా పెట్టిన బొమ్మని చూసి మళ్ళీ గీయమంటే గీయలేరు. రెండో రకంలో ఆకారం చక్కగా కట్టుకుంటది, చూసి అచ్చు దించినట్టు గీస్తారు, కానీ గీసిందేంటో తెలీదు. పెదనాన్నది రెండోదానికి దగ్గర. టీ కప్పు బొమ్మ చూసి చెవితో సహా గీసి, పెన్సిలు పక్కన పెట్టి "ఇంతకీ ఏంట్రా ఇది" అన్నాడు.

మన వైపు "నన్ను పోల్చావా?" అంటాం కదా, గుర్తుపట్టావా అనే అర్థంలో. ఆ మాటే ఎంత కరెక్టో ఇప్పుడు తెలుస్తోంది నాకు. ముందున్నదాన్ని లోపల దాచుకున్నదాంతో పోల్చాలి, పోలిక కుదిరితేనే గుర్తుపట్టినట్టు. చూడటం ఒక పని, పోల్చుకోవడం ఇంకో పని.

కన్ను కెమెరా లాంటిదే కదా?

పాఠంలో నేను కూడా అలాగే చెప్తా, కానీ సగమే నిజం. లెన్సు వరకూ కెమెరానే, వెనక రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుద్ది, అది కూడా నిజమే. (బొమ్మని మెదడు మళ్ళీ తిప్పుద్దా అని ప్రతి సంవత్సరం ఒకడు అడుగుతాడు. తిప్పక్కర్లేదు నాయనా, లోపల కూర్చుని ఆ బొమ్మని చూసేవాడు ఇంకొకడు ఉంటే కదా తిప్పడానికి.)

రెటీనాలో మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు సుమారు 12 కోట్లు, రంగులు పట్టే కోన్ కణాలు 60 లక్షల దాకా ఉంటాయని పాఠ్యపుస్తకాల లెక్క. కానీ కంటి నుంచి మెదడుకెళ్ళే నరంలో తీగలు 10 లక్షల చిల్లరే. అంటే కంట్లోనే బోలెడంత కుదింపు జరిగిపోద్ది, ఎక్కడ వెలుతురు మారుతోందో, ఎక్కడ అంచు ఉందో అదే ముఖ్యంగా పైకెళ్ళుద్ది, ఒకే రకంగా ఉన్న గోడ గురించి పెద్దగా రిపోర్టు ఉండదు.

ఇంకో సంగతి, మనకి స్పష్టంగా కనపడేది చాలా చిన్న ముక్క. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి, దాదాపు అంత మేరే. మిగతాదంతా మసకే. నమ్మకపోతే పేపర్లో ఒక మాట మీద చూపు కదలకుండా పెట్టి నాలుగు మాటల అవతల ఏముందో చదవండి చూద్దాం. మసక తెలీకపోవడానికి కారణం, కళ్ళు సెకనుకి సుమారు మూడు సార్లు గెంతుతుంటాయి, ఆ ముక్కలన్నీ కలిపి మెదడు ఒక పెద్ద సీను కట్టేస్తది. గెంతేటప్పుడు చూపు కాసేపు అణిగిపోద్ది, అందుకే అద్దంలో మీ ఎడమ కన్నూ కుడి కన్నూ మార్చి మార్చి చూసుకోండి, మీ కళ్ళు కదలడం మీకు ఎప్పటికీ కనపడదు. పక్కనోళ్ళకి కనపడుద్ది.

నరం బయటకెళ్ళే చోట అసలు చూపే లేదు. రెండు బొటనవేళ్ళు చెయ్యి చాచి పక్కపక్కన నిలబెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ వేలినే చూస్తూ కుడి వేలిని మెల్లగా కుడి పక్కకి జరపండి, ఓ అర అడుగు దగ్గర వేలి కొస మాయమైపోద్ది. అక్కడ నల్ల చిల్లు కనపడిందా? లేదు. చుట్టూ ఉన్న గోడ రంగే మెదడు అక్కడ కూడా పూసేసింది.

కంటి నుంచి మెదడులో ఎటు వెళ్ళుద్ది?

వెనక్కి. తల వెనక భాగానికి. ముందున్న కళ్ళకి ఆఫీసు వెనక పెట్టాడేంటో దేవుడు.

దారిలో ఒక జంక్షన్ ఉంది. విజయవాడ జంక్షన్లో పూర్వం లింకు బోగీలు కోసి ఇంకో బండికి తగిలించేవాళ్ళు గుర్తుందా, అట్లాంటిదే. ప్రతి కంటి నుంచి వచ్చే తీగల్లో ముక్కు వైపు సగం అవతలి పక్కకి దాటతాయి, చెవి వైపు సగం ఉన్న పక్కనే పోతాయి. దాంతో మీ ఎడమ పక్కనున్న ప్రపంచం అంతా కుడి మెదడుకి, కుడి పక్కది ఎడమ మెదడుకి చేరుద్ది. కుడి కన్నుది ఎడమకి, ఎడమ కన్నుది కుడికి అని చాలామంది అనుకుంటారు, అది తప్పు, కన్ను లెక్క కాదు, పక్క లెక్క. జంక్షన్ దాటాక మెదడు నడిమధ్యలో ఉన్న థాలమస్‌లో ఒక మజిలీ, అక్కణ్ణుంచి తల వెనక, మెదడు పైపొర (కార్టెక్స్)లో చూపు మొదట చేరే చోటు, ప్రైమరీ విజువల్ కార్టెక్స్, క్లుప్తంగా వి-వన్.

అక్కడ ఏ చోటు దేన్ని చూసుద్దో మొదట్లో పట్టుకున్న వాళ్ళలో జపాన్ కంటి డాక్టరు తత్సుజి ఇనోయె ఒకడు. 1904-05లో రష్యాతో యుద్ధంలో తలకి తుపాకీ గుళ్ళు తగిలిన సైనికుల్ని పరీక్షించి, గుండు ఎక్కడ దూరింది, చూపులో ఏ ముక్క పోయింది అని జత చేసుకుంటూ 1909లో మ్యాపు అచ్చేశాడు. చూపు మధ్యలో ఉన్న ఆ గోరంత ముక్కకి మెదడులో ఎకరాలకి ఎకరాలు కేటాయించి, అంచులకి సెంటు భూమి ఇచ్చినట్టు ఉంటది ఆ మ్యాపు.

స్ట్రోక్ ఇక్కడ కొడితే ఎక్కువగా జరిగేది ఒక పక్క సగం చూపు పోవడం. మా పెదనాన్న లాంటి కేసు తక్కువ.

మెదడు మొట్టమొదట కనిపెట్టేది ఏంటి?

గీతలు. ఇది బయటపడిన తీరు నాకు భలే ఇష్టం. 1958లో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టోర్స్‌టెన్ వీజెల్ అని ఇద్దరు పిల్లి మెదడులో ఒక్కొక్క కణం దగ్గర సన్న తీగ పెట్టి, చుక్కలున్న గాజు స్లయిడ్లు చూపిస్తూ కూర్చున్నారు. గంటల తరబడి చూపించినా కణం పలకలేదు. ఒకసారి స్లయిడు లోపలికి తోస్తుంటే కణం టపటపా మోగింది. చుక్కకి కాదు, గాజు అంచు నీడ ఒక గీతలాగా తెర మీద జరిగింది, దానికి! ఇంకా తవ్వితే ఒక్కో కణానికి ఒక్కో వాలు గీత ఇష్టం, ఒకటి నిలువుగీతకి పలికితే ఇంకోటి అడ్డగీతకి, ఇంకోటి ఏటవాలుకి. 1981లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

మా ఇంటి ముందు ధనుర్మాసంలో అత్తయ్య ముగ్గేస్తుంటే పిల్లలకి ఇదే చూపిస్తా. ముందు చుక్కలు, తర్వాత చిన్న గీతలు, గీతలు కలిస్తే వంపులు, చివరికి తామరపువ్వు. మెదడులో కూడా మెట్లు దాదాపు ఇంతే. కాకపోతే అక్కడ ముగ్గు వేసేవాళ్ళు కోట్లమంది, అందరూ ఒకేసారి వేస్తారు, పైగా పైనున్న వాళ్ళు కిందకి కేకేసి "అది తామరపువ్వులా ఉంది, ఆ గీత మళ్ళీ చూడు" అంటుంటారు.

గీతల్లోంచి గిన్నె ఎలా వస్తది?

అసలు కష్టమంతా ఇక్కడే. ఒక కొండపల్లి ఏనుగు అంబారీ బొమ్మ తీసుకోండి, తెల్లపొణికి కర్రతో చేసినది, షోకేసులో ముందు నుంచి చూస్తే ఒక ఆకారం, పక్క నుంచి చూస్తే ఇంకోటి, పై నుంచి చూస్తే ఏనుగే కాదు. దగ్గరికెళ్తే రెటీనా మీద బొమ్మ పెద్దదైపోద్ది, దూరంగా వస్తే చిన్నదైపోద్ది, సాయంత్రం లైటు పడితే రంగు మారుద్ది, ముందు పూలకుండీ పెడితే సగం కనపడదు. రెటీనా లెక్కన ఇవన్నీ వేరే వేరే బొమ్మలు. మనకి మాత్రం ఒకటే ఏనుగు, ఏనాడూ సందేహం రాదు.

వి-వన్ నుంచి మెట్టు మెట్టుగా ముందుకొస్తూ, చెవుల పైన పక్కల్లోకి, టెంపొరల్ లోబ్ కింది భాగానికి వచ్చేసరికి అక్కడి కణాలకి గీత ఎక్కడుందో పెద్దగా పట్టదు, సైజు పట్టదు, ఏ వస్తువన్నదే పట్టుద్ది. 1972లో చార్లెస్ గ్రాస్ బృందం కోతి మెదడులో ఇక్కడే ఒక కణాన్ని చూసింది, అది కోతి చెయ్యి ఆకారానికి అన్నిటికన్నా గట్టిగా పలికింది. అలాగని వస్తువుకో కణం అని అనుకోవద్దు, చాలా వస్తువులకి బోలెడు కణాలు కలిసి పలికే తీరే గుర్తు, ఒక్క సన్నాయి కాదు, మేళం మొత్తం.

కొన్ని కోణాల్లో వస్తువు తొందరగా దొరుకుద్ది, కొన్నిట్లో లేటు. మరచెంబుని పక్క నుంచి చూస్తే ఇట్టే తెలిసిద్ది, సరిగ్గా పై నుంచి ఫొటో తీసి చూపించండి, వృత్తంలో వృత్తం, చాలామంది తికమక పడతారు. అగ్నోసియా ఉన్నవాళ్ళకి ఇలాంటి వింత కోణాలు మరీ కష్టం. పెదనాన్న కొట్టులో సామానంతా పై అరల్లో బోర్లించి ఉంటది, పాపం.

ఇంకో చిన్న మాట. అన్నం కంచం ఎదురుగా ఉన్నప్పుడు కంట్లో పడేది గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. మీకెప్పుడైనా కంచం కోడిగుడ్డులా కనపడిందా?

గ్లాసేంటో తెలీనాయన గ్లాసు సరిగ్గా ఎలా పట్టుకుంటున్నాడు? నటిస్తున్నాడేమో?

ఈ ప్రశ్న అడిగిన బంధువు మీద నాకు కోపం వచ్చింది, కానీ ప్రశ్న మంచిదే.

వి-వన్ దాటాక దారి రెండుగా చీలుద్ది. ఒకటి కిందుగా టెంపొరల్ వైపు పోద్ది, అది "ఏంటిది" దారి. ఇంకోటి పైన, నడినెత్తి వెనకున్న పెరైటల్ భాగం వైపు పోద్ది. 1982లో అంగర్‌లైడర్, మిష్కిన్ ఈ పై దారిని "ఎక్కడుంది" దారి అన్నారు, 1992లో గుడేల్, మిల్నర్ వచ్చి ఎక్కడ ఒక్కటే కాదు, "ఎలా పట్టుకోవాలి" కూడా అదే చూసుద్ది అన్నారు. వాళ్ళు పరీక్షించిన ఒకావిడని డి.ఎఫ్. అని మాత్రమే రాస్తారు, కార్బన్ మోనాక్సైడ్ పీల్చడం వల్ల మెదడు దెబ్బతింది. పోస్టు డబ్బా లాంటి దాంట్లో సన్న సందు పెట్టి, ఆ సందు ఎంత వాలుగా ఉందో చేతిలో కార్డు తిప్పి చూపించమంటే చూపించలేకపోయింది. అదే కార్డుని ఆ సందులో వెయ్యమంటే చెయ్యి దానంతటదే సరైన వాలుకి తిరిగి లోపలికి వేసేసింది. మెదడులో ఒక చోట తెలీనిది ఇంకో చోట తెలుసు.

మా పెదనాన్న మంచం మీంచి జారిపోతున్న గ్లాసుని టక్కున పట్టుకున్నాడు. పట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూసి ఏంటిది అన్నట్టు మొహం పెట్టాడు, ఆ చేతికి తగిలిన చల్లదనానికో ఏమో రెండు సెకన్లలో "గ్లాసు" అన్నాడు. నటన కాదు బాబూ.

రంగు, కదలిక కూడా వేరే వేరే చోట్లా?

చాలావరకు అంతే. రంగు చూసే భాగం దెబ్బతింటే లోకం పాత నలుపు తెలుపు సినిమాలా అయిపోయిన వాళ్ళున్నారు, కళ్ళల్లో కోన్లు శుభ్రంగా ఉండి కూడా. కదలిక మాత్రమే పోయిన జర్మన్ ఆవిడ గురించి 1983లో రాశారు, కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు కనపడేదంట, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. రోడ్డు మీద కారు దూరంగా ఉన్నట్టుండి ఒక్కసారే దగ్గర ప్రత్యక్షమయ్యేది. బెంజి సర్కిల్లో అలాంటి వాళ్ళు రోడ్డు దాటడం ఊహించుకోండి.

మొహాలకి స్పెషల్ డిపార్ట్‌మెంట్ ఉందంట నిజమేనా?

నిజమే, కొంచెం గొడవ ఉన్న నిజం. 1947లో బోడామర్ అనే ఆయన వస్తువులు గుర్తుపట్టినా మొహాలు మాత్రం గుర్తుపట్టలేని పేషెంట్ల గురించి రాసి దానికి ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం స్కానర్లో మనుషుల్ని పడుకోబెట్టి మొహాలు చూపిస్తే మెదడు అడుగున, ముఖ్యంగా కుడి పక్క, ఒక ముక్క బాగా పనిచేస్తోందని చూపించింది. దానికి ఫ్యూజిఫార్మ్ ఫేస్ ఏరియా అని పేరు. మొహాన్ని తలకిందులు చేస్తే గుర్తుపట్టడం ఒక్కసారిగా కష్టమైపోద్ది, గిన్నెల్ని తలకిందులు చేస్తే అంత తేడా రాదు, మొహాన్ని ముక్కు, కళ్ళు అని విడివిడిగా కాకుండా మొత్తంగా చదువుతాం కాబట్టి. మీ పెళ్ళి ఆల్బం తిరగేసి పట్టుకుని చూడండి, మీ మేనమామ కూడా కొత్తమనిషిలా ఉంటాడు.

2005లో ఇంకో సంగతి, మూర్ఛ ఆపరేషన్ కోసం మెదడులో తీగలు పెట్టిన పేషెంట్లలో ఒక కణం జెన్నిఫర్ అనిస్టన్ అనే హాలీవుడ్ నటి వేరే వేరే ఫొటోలకి పలికింది, మిగతా వాళ్ళకి దాదాపు పలకలేదు. ఇది చూపు దారి చివర, జ్ఞాపకాల గది గుమ్మంలో ఉన్న కణం. మనవాళ్ళ మీద చేసుంటే ఏ హీరో కణం దొరికేదో, దొరికాక ఫ్యాన్స్ ఎంత గొడవ చేసేవాళ్ళో.

మా బాబాయి మిర్చి యార్డులో అల్లంత దూరం నుంచి చూసి తాలు (రంగు పోయిన నాసి కాయ) అని చెప్పేస్తాడు, అది కూడా ఇందులోకే వస్తదా?

వస్తది, పైగా మొహాల దగ్గర ఇందాక అన్న గొడవ ఇదే. గుంటూరు యార్డులో పాతికేళ్ళు తిరిగిన మనిషికి తేజ, 334, 341, బాడిగ అనే మిర్చి రకాలన్నీ వేరే వేరే మొహాలు. నాకు అన్నీ ఎర్ర మిరపకాయలే. ఇసాబెల్ గోతియె బృందం 2000లో పక్షుల్ని గుర్తుపట్టడంలో ఆరితేరిన వాళ్ళకి పక్షుల్ని, కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకి కార్లని చూపించి స్కాన్ చేస్తే ఆ మొహాల ముక్కే గట్టిగా పలికింది. కాబట్టి అది మొహాల కోసం పుట్టింది కాదు, బాగా తలపండిన దేనికైనా వాడేదే అని వాళ్ళ వాదన. కాదు, మొహాలకే అని కాన్విషర్ వైపు వాళ్ళు. ఇద్దరిదీ ఇంకా తెగలేదు. నాకైతే బాబాయి కాయ తొడిమ, ముడత, మెరుపు విడివిడిగా చూడడు, మొహాన్ని చూసినట్టు ఒక్కసారే చూస్తాడనిపిస్తది, ఏం చూసి చెప్పావ్ అంటే ఆయన కూడా "తెలిసిపోద్దిరా" అంటాడు తప్ప కారణం చెప్పలేడు.

గుర్తుపట్టడానికి ఎంత టైం పడుద్ది?

కంటిరెప్ప వేసే టైం కన్నా తక్కువ. 1996లో సైమన్ థార్ప్ వాళ్ళు ఫొటోని సెకనులో 50వ వంతు సేపు మాత్రమే చూపించి అందులో జంతువు ఉందా లేదా అని అడిగారు. ఉన్న ఫొటోలకీ లేనివాటికీ మెదడు తరంగాల్లో తేడా 150 మిల్లీసెకన్లకే వచ్చేసింది.

ఎదురుగా ఉన్న తాళాలు కనపడవు కదా, అది జబ్బేనా?

కాదండీ, అది మనందరికీ ఉన్న రోగం. దృష్టి పెట్టకపోతే కంట్లో పడ్డది కూడా లెక్కలోకి రాదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ ఒక వీడియోలో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు, మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి గుండెలు బాదుకుని వెళ్ళినా దాదాపు సగం మంది చూడలేదు. పచ్చిమిరపకాయల కుప్పలో ఒక్క పండుమిరప ఉంటే వెతక్కుండానే కనపడుద్ది, ఎందుకంటే రంగు ఒక్కటే తేడా. అదే పొడుగు ఎర్రవి, పొట్టి పచ్చవి కలిపిన కుప్పలో ఒకే ఒక్క పొట్టి ఎర్రది వెతకాలంటే ఒక్కోటి చూసుకుంటూ పోవాలి. ఆన్ ట్రీస్‌మన్ 1980లో దీన్ని బట్టే, రంగునీ ఆకారాన్నీ ఒక వస్తువు కింద అతికించే జిగురు ధ్యాసే అన్నది.

తాడుని చూసి పాము అనుకోవడం ఎందుకు జరుగుద్ది?

మన వేదాంతులు ఎన్ని వందల ఏళ్ళ నుంచో చెప్తున్న ఉదాహరణ, వాళ్ళు మాయ గురించి చెప్పారు గానీ చూపు పాఠానికి కూడా ఇంతకంటే మంచిది లేదు. కరెంటు పోయిన రాత్రి పెరట్లో బావి దగ్గర మెలికలు తిరిగిందేదో పడుంది. కంటి నుంచి వచ్చే సమాచారం బొత్తిగా చాల్దు. అప్పుడు మెదడు ఆగదు, తన దగ్గరున్న పాత సరుకులోంచి పూడ్చేస్తది, చీకటి, పెరడు, మెలికలు, ఇంకేముంది పామే. టార్చి వెయ్యగానే తాడు. కంట్లో పడ్డ గీతలు రెండుసార్లూ దాదాపు అవే.

19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపు అంటే మనకి తెలీకుండా మెదడు కట్టే అంచనా అన్నాడు. వైరింగు చూసినా అలాగే ఉంది, ఇందాక చెప్పిన థాలమస్ మజిలీకి కంటి నుంచి వచ్చే అతుకుల కన్నా పైనున్న కార్టెక్స్ నుంచి కిందకొచ్చేవే ఎక్కువ.

రంగులు కూడా అంచనానే. బీసెంట్ రోడ్డులో చీర కొనేటప్పుడు మా అమ్మ ఎప్పుడూ "బయట వెలుతుర్లో చూపించు బాబూ" అంటది. లైటు ఏ రంగులో ఉందో మెదడు ఊహించి దాన్ని తీసేసి చీర అసలు రంగు తేల్చుద్ది, ఊహ తప్పితే రంగు తప్పుద్ది. 2015లో ఒక గౌను ఫొటో లోకమంతా తిరిగింది, కొందరికి నీలం నలుపు, కొందరికి తెలుపు బంగారం. గౌను నిజానికి నీలం నలుపే. మా స్టాఫ్ రూములో దాని మీద రెండు పార్టీలైపోయి ఒక రోజంతా పాఠాలు సాగలా.

పుట్టుకతో చూపు లేనివాళ్ళకి ఆపరేషన్ చేస్తే వెంటనే అన్నీ గుర్తుపడతారా?

ఇది 1688లో విలియం మోలినూ అనే ఐరిష్ ఆయన జాన్ లాక్‌కి ఉత్తరం రాసి అడిగిన ప్రశ్న, చేత్తో తడిమి గోళాన్నీ ఘనాన్నీ తెలుసుకున్న గుడ్డివాడికి చూపొస్తే చూసి ఏది ఏదో చెప్పగలడా అని. జవాబు దొరికింది మన దేశంలో. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ పవన్ సిన్హా ప్రాజెక్ట్ ప్రకాశ్ అని పెట్టి, పుట్టినప్పట్నుంచీ చూపులేని పిల్లలకి ఆపరేషన్లు చేయించి వాళ్ళు చూడటం ఎలా నేర్చుకుంటున్నారో గమనిస్తున్నారు. 2011లో వచ్చిన ఫలితం, కట్టు విప్పిన కొత్తలో తడిమిన వస్తువుని చూసి పట్టుకోలేకపోయారు, కానీ కొద్ది రోజుల్లోనే పట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంకో ముచ్చట, కొత్తగా చూపొచ్చిన వాళ్ళకి నీడ పడ్డ బంతి రెండు వస్తువుల్లా కనపడేది, ఒకదాని మీద ఒకటి ఉన్న ఆకారాలు ముక్కలైపోయేవి. వస్తువు కదిలితే మాత్రం కలిసి కదిలే ముక్కలన్నీ ఒకటే అని తెలిసేది.

అలాగని ఆలస్యం చెయ్యొచ్చని కాదు. చిన్నప్పుడు ఒక కన్ను సరిగ్గా వాడకపోతే మెదడులో దాని చోటు రెండో కన్ను ఆక్రమించేస్తది, హ్యూబెల్, వీజెల్ పిల్లిపిల్లల్లో ఇది కూడా చూపించారు. పిల్లాడికి మెల్లకన్ను ఉంటే అదృష్టం అని కూర్చోకుండా చిన్నప్పుడే కంటి డాక్టరుకి చూపించండి.

మరి ఆయన పేపరు చదువుతాడా?

మెల్లగా చదువుతాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. మ, య దగ్గరా, ఘ, ఫ దగ్గరా ఆగిపోతాడు. చదువుకున్న వాళ్ళ మెదడులో ఎడమ పక్క అడుగున అక్షరాలకి ఒక చోటు తయారవుద్ది, పుట్టుకతో రాదు, బడికెళ్తేనే. 1892లో డెజరీన్ అనే ఫ్రెంచి డాక్టరు చూసిన ఒకాయనైతే ఉత్తరం రాసేవాడు, తను రాసింది తనే చదవలేకపోయేవాడు.

ఫోన్లో ఏఐ కూడా ఇలాగే గుర్తుపడుద్దా?

కొంతవరకు పోలిక ఉంది. ఫుకుషిమా అనే జపాన్ ఆయన 1980లో హ్యూబెల్, వీజెల్ చెప్పిన మెట్లు చూసే నియోకాగ్నిట్రాన్ అని ఒక మోడల్ కట్టాడు, 2012 తర్వాత ఒక్కసారిగా దూసుకొచ్చిన ఏఐ నెట్‌వర్కులకి అదొక తాతలాంటిది. కానీ మా ఇంట్లో చిన్నదానికి పనసకాయ ఒక్కసారి చూపిస్తే చాలు, వాటికి వేలల్లో ఫొటోలు మేపి నేర్పారు.

మళ్ళీ మామూలుగా అవుతాడా? ఇంట్లో ఏం చేస్తున్నారు?

మొదటి నెలల కన్నా మెరుగే. పూర్తిగా వస్తదా అంటే ఆ మాట డాక్టరే చెప్పాలి. మేం చేసేవి చిన్న చిన్నవి. ఏ వస్తువు ఏ చోట ఉండాలో అక్కడే, జరపం. ఉప్పు డబ్బాకి రబ్బరు బ్యాండు, పంచదారకి రెండు. నీలం బ్రష్ ఆయనది, రంగు బాగానే తెలుస్తోంది కాబట్టి. వస్తువు చూపించి ఇదేంటి ఇదేంటి అని పరీక్షలు పెట్టడం మానేశాం, మొదట్లో వచ్చిన ప్రతి చుట్టం అదే పని చేసేవాళ్ళు, ఆయన చిన్నబుచ్చుకునేవాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. ఉన్నట్టుండి చూపులో సగం పోయినా, ఎదురుగా ఉన్నది తెలీకపోయినా, మూతి వంకర, చెయ్యి బలహీనం, మాట తడబాటు వచ్చినా కళ్ళజోళ్ళ షాపుకి కాదు, 108కి ఫోన్ చెయ్యండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. మేం రెండు రోజులు అద్దాల కోసం తిరిగాం.

చూడ్డానికి వద్దామనుకుంటున్నాం, ఎలా పలకరించాలి?

రండి. గుమ్మం దగ్గరే "పెదనాన్నా, నేను ఫలానా" అని గొంతు వినిపించండి, మొహం చూసి చెప్పమనొద్దు. మధ్యాహ్నం పూట అయితే కొట్టులోనే ఉంటాడు, కళ్ళు మూసుకుని గిన్నె అంచు మీద వేలు తిప్పి గేజీ చెప్తున్నాడు, బేరాలు కూడా ఆయనే ఆడుతున్నాడు, డిస్కౌంట్ మాత్రం అడక్కండి, అది మటుకు ఆయనకి బాగా గుర్తుంది.